జపాన్ సానరాయి మీద మంగలి కత్తికి ఆఖరి పదును పెట్టడం ఎలా

ఇక్కడ మంగలి కత్తి అంటే సెలూన్లో సగం బ్లేడు ఇరికించి, పనయ్యాక ఆ ముక్క పారేసే రకం కాదు. తన ఉక్కు అంచుతోనే గడ్డం గీసే అసలు మడత కత్తి. తాతగారి పెట్టెలో దొరికిందో, ఆన్‌లైన్లో కొన్న పాత ఇంగ్లండు షెఫీల్డుదో, జర్మనీ జొలింగెన్‌దో మీ దగ్గర ఉంటే, ఇవాళ కాకపోతే రేపు నూరక తప్పదు. నూరడం మీద మోజు పడినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు జపాన్ సహజ రాళ్ల దగ్గరికి వచ్చి ఆగుతారు. నేనూ ఆగాను. డబ్బు తగలేశాను, ఒక రాయి నాశనం చేసుకున్నాను, ఆ తర్వాతే పని పట్టుబడింది.

ముందే ఒక మాట చెప్పుకుందాం. ఈ రాయి మొద్దుబారిన కత్తిని బాగుచేయదు. అది చేసేది ఆఖరి పని మాత్రమే. వంటంతా అయ్యాక వేసే తాలింపు లాంటిది. కూర ఉడక్కపోతే తాలింపు ఏం చేస్తుంది? అలాగే ఫ్యాక్టరీ రాయి కంటే ఇది కత్తిని ఎక్కువ పదునుగా చేస్తుందని కూడా నేననను. జపాన్ కంపెనీ షాప్టన్ వాళ్ల గాజుపలక రాళ్లలో 30000 నంబరు దాకా ఉన్నాయి (నంబరు పెరిగేకొద్దీ రేణువులు సన్నబడతాయి), పదునుకు వాటికేం తక్కువ లేదు. క్యోటో చుట్టుపక్కల దొరికే ఈ సహజ రాయి ఇచ్చేది మెత్తదనం. గీసేటప్పుడు వెంట్రుక తెగుతుంది, చర్మం మాత్రం మంట పెట్టదు. ఆ తేడా మీ చెంపకు అక్కర్లేదనిపిస్తే 8000 రాయి దగ్గరే ఆగిపోండి, డబ్బు మిగులుతుంది.

రాయి సంగతి

ఈ రాళ్లను జపాన్‌లో తెన్నెన్ తోయిషి అంటారు, అంటే సహజమైన సానరాయి. వాటిలో ఆఖరి పదునుకు వాడే నాణ్యమైన రకం అవాసేదో. క్యోటో నగరానికి వాయవ్యాన ఉన్న నరుతాకి, ఉమెగహాత కొండలు, ఇంకాస్త పడమరగా కమెఒక వైపు కొండలు వీటి పుట్టిల్లు. సుమారు 25 కోట్ల ఏళ్ల కింద నడిసముద్రం అడుగున మెల్లగా పేరుకున్న సన్నటి సిలికా మట్టి ఒత్తుకుని ఒత్తుకుని రాయైంది. రేణువులు అంత సన్నగా, అంత ఒకే తీరుగా ఉండడానికి కారణం అదే. నకయామా, ఓజుకు, షోబుదాని, ఒకుదో, ఓహిరా లాంటివి గనుల పేర్లు. చాలా గనులు మూతపడి దశాబ్దాలైంది. మార్కెట్లో తిరిగేది ఎక్కువగా పాత నిల్వలూ, మంగళ్ల దుకాణాల నుంచి, వడ్రంగుల ఇళ్ల నుంచి బయటపడ్డ రాళ్లూ. ధర కూడా అందుకే అలా ఉంటుంది.

గని పేరుతో పాటు పొర పేరు కూడా చెబుతారు. తొమాయె, అయిసా, నమితో, సుయితా ఇలా. సుయితాలో సన్నటి రంధ్రాలుంటాయి, చురుగ్గా కోస్తుంది. వంటింటి కత్తులకు, ఉలులకు దాన్ని ఇష్టపడేవాళ్లు ఎక్కువ. మంగలి కత్తికి మొదటి రాయిగా నేను తొమాయె తీసుకోమంటాను. ఇక రంగులు: బూడిద పచ్చగా ఉంటే అసగి, గుడ్డు సొనలా పసుపైతే కియితా, బేరిపండు తొక్క మీద చుక్కల్లా ఉంటే నషిజి, కాకి ఈకల్లాంటి నల్ల మచ్చలుంటే కరాసు. చూడ్డానికి భలేగా ఉంటాయి. పదునుకు మాత్రం రంగుతో సంబంధం చాలా తక్కువ.

కొనేటప్పుడు చూడాల్సినవి మూడే. రాయి గట్టిగా ఉండాలి. అమ్మేవాళ్లు 1 నుంచి 5 దాకా గట్టిదనం రాస్తారు, మనకు 5కి దగ్గరగా ఉన్నది కావాలి. ఒక నీటి చుక్క వేస్తే ఆ చుక్క చాలాసేపు పైనే నిలబడాలి, బిస్కెట్టులా పీల్చేయకూడదు. రెండోది, గీతలు. ప్రతి రాయిలో ఏవో చారలుంటాయి. గోరు కొసతో అడ్డంగా గీసి చూడండి. గోటికి తగలని చార వట్టి రంగే. గోటికి టక్కున తగిలితే అక్కడ గట్టి రేణువుల పొర ఉందని లెక్క, అది కత్తి అంచును కొరికేస్తుంది. మూడోది, పరిమాణం. మంగలి కత్తికి పెద్ద ఇటుక అక్కర్లేదు. కొప్పా అని అడ్డదిడ్డంగా విరిగిన చిన్న ముక్కలు అమ్ముతారు. అరచేయంత పనిముఖం ఉంటే చాలు. చక్కటి దీర్ఘచతురస్రపు రాయి ధరలో నాలుగో వంతుకే అదే పొర రాయి కొప్పాగా దొరికిన సందర్భాలు నాకున్నాయి.

ముద్రల గురించి ఒక హెచ్చరిక. నకయామా రాళ్ల మీద ఉండే గుండ్రటి మారుకా ముద్రకు ఎక్కడలేని గిరాకీ. గిరాకీ ఉన్నచోట దొంగ ముద్రలూ ఉంటాయి. నా రెండో రాయి అలాంటిదే. ముద్ర చూసి మురిసిపోయి రెండు నెలల జీతంలో మిగులంతా పెట్టాను. ఇంటికి వచ్చాక తడి గుడ్డతో తుడిస్తే సిరా గుడ్డకంటింది. ఆ రాయి చెడ్డదేం కాదు, వంటింటి చాకులకు ఇప్పటికీ వాడుతున్నాను. చెడ్డది నా కొనుగోలు.

రాయిని సిద్ధం చేయడం

ఇక నాశనం చేసుకున్న మొదటి రాయి కథ. ఫ్యాక్టరీ 1000 రాయిని నీళ్లలో నానబెట్టే అలవాటుతో, క్యోటో నుంచి వచ్చిన రాయిని కూడా రాత్రంతా బకెట్లో పడేశాను. పొద్దున తీస్తే పక్కల నుంచి మడత కాజాలా పొరలు విచ్చుకుని ఉంది. ఇవి పొరల రాళ్లు, నీళ్లు పక్కల నుంచి లోపలికి దూరుతాయి. అందుకని ఎప్పుడూ నానబెట్టకండి. వాడే ముందు పైన నీళ్లు చిలకరిస్తే చాలు.

కొత్త రాయి రాగానే చేయాల్సిన మొదటి పని పక్కలకూ అడుగుకూ లక్క పూయడం. జపాన్ వాళ్లు ఉరుషి లక్క గానీ, కాష్యూ అనే లక్క గానీ వేస్తారు. ఈ రెండోది జీడిపిక్కల తొక్కలోని నూనెతో చేసేది. పలాస జీడి ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ల చేతులు కాల్చే నూనె అదే. మన దగ్గర చెక్కకు వేసే క్లియర్ లక్కర్ రెండు మూడు పూతలు వేసినా సరిపోతుంది. చిన్న కొప్పాకైతే పారదర్శకమైన నెయిల్ పాలిష్ చాలు. ఒక పూత ఆరాకే ఇంకో పూత. పైముఖం మీద పడనివ్వకండి.

తర్వాత పైముఖాన్ని చదును చేయాలి. పెన్సిలుతో గళ్లు గీయండి. డైమండ్ ప్లేటు ఉంటే దానితో, లేకపోతే వంటింటి గ్రానైటు గట్టు మీద 400 నంబరు వాటర్ పేపర్ పరిచి నీళ్లు పోసి, రాయిని బోర్లించి రుద్దండి. గళ్లన్నీ ఒకేసారి పోతే చదునైనట్టు. మధ్యలో గళ్లు మిగిలితే అక్కడ గుంట ఉన్నట్టు. తర్వాత 1000 పేపర్ మీద అదే పని చేసి గరుకు తగ్గించండి. చివరగా నాలుగు అంచులనూ కాస్త ఏటవాలుగా అరగదీయండి. రాయి అంచు పదునుగా ఉంటే కత్తి అంచు దానికి కొట్టుకుని పెచ్చు ఊడుతుంది.

కత్తి ముందు సిద్ధంగా ఉండాలి

మంగలి కత్తిని నూరడానికి కోణం కొలవక్కర్లేదు. వెన్నూ అంచూ రెండూ ఒకేసారి రాయిని తాకేలా పడుకోబెడితే కోణం దానంతట అదే వస్తుంది. కత్తిని చేసినవాళ్లే ఆ లెక్క వెన్ను మందంలో పెట్టేశారు. మీరు చేయాల్సిందల్లా వెన్ను పైకి లేవకుండా చూసుకోవడం. వెన్ను అరగకుండా ఎలక్ట్రికల్ టేపు అంటించి నూరే పద్ధతి ఉంది. అలా మొదలుపెడితే ఆఖరి రాయి దాకా టేపుతోనే పోవాలి, అరిగినప్పుడల్లా కొత్తది వేయాలి. మధ్యలో తీసేస్తే కోణం మారి, రాయి అంచును తాకదు.

మొదట 1000 రాయి మీద అంచుకు రెండు వైపులా ఉన్న ఏటవాలు చెంపలు అంచు దగ్గర కలిసేదాకా నూరండి. మొత్తం పని ఇక్కడే గెలుస్తాం లేదా ఓడతాం. కలిసిందో లేదో తెలుసుకోవడానికి టేబుల్ ల్యాంపు కింద కత్తి అంచును నిటారుగా మీ కంటి వైపు తిప్పి చూడండి. ఎక్కడైనా వెలుగు గీతలా మెరిస్తే అక్కడ ఇంకా మొండిగా ఉన్నట్టు. పదునైన అంచు కనబడదు. తర్వాత కత్తి మడమ (అంచుకు పిడి వైపు కొస) నుంచి మొన దాకా ముంజేతి వెంట్రుకలు ఒకే తీరుగా తెగుతున్నాయో లేదో చూడండి. మధ్యలో తెగి మొన దగ్గర తెగకపోతే 1000 దగ్గరే ఉండండి. తర్వాతి రాయి ఆ లోటు తీర్చదు.

ఆ తర్వాత 4000 గానీ 5000 గానీ, దాని మీద 8000. ఒక్కో రాయి ముందు రాయి గీతల్ని పూర్తిగా తుడిచేయాలి. పది రెట్లు పెద్దది చేసి చూపే చిన్న లూప్ కొనుక్కోండి, వాచీ బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునేది. నూరడంలో నాకు ఎక్కువ నేర్పింది అదే.

పాత జపాన్ పద్ధతిలో ఫ్యాక్టరీ రాళ్ల బదులు మికావా నగురాలు వాడతారు. ఐచి జిల్లా నుంచి తవ్విన తెల్లటి మెత్తటి రాళ్లవి. గట్టి క్యోటో రాయి మీద వీటిని రుద్ది, వచ్చే ముద్దలో కత్తి నూరతారు. ముతక నుంచి సన్నానికి బోతన్, తెంజో, మెజిరో, కోమా అని వరస. అసానో ముద్ర ఉన్నవాటికి మంచి పేరుంది. అందమైన పద్ధతే గానీ, కొత్తవాళ్లకు నేను చెప్పను. నాలుగు నగురాల ధరతో మీకు మూడు మంచి ఫ్యాక్టరీ రాళ్లు వస్తాయి.

గంధం తీయడం

అసలు పని ఇది. దీనికి మీకు తోమో నగురా అనే చిన్న రాతి ముక్క కావాలి. తోమో అంటే తోడు. అడుగు రాయి లాంటిదే, లేదా దాని కంటే సన్నటి ముక్క. చాలామంది రాయితో పాటు ఒక ముక్క ఇస్తారు. ఇవ్వకపోతే అరిగిన 1200 డైమండ్ ప్లేటుతో కూడా పనవుతుంది. ప్లేటు కొత్తదైతే ముందు పాత రాయి మీద బాగా రుద్ది దాని కోపం తగ్గించండి.

రాయి మీద ఒక టీ స్పూను నీళ్లు వేయండి. తోమో నగురాను ఆన్చి గుండ్రంగా తిప్పండి. అమ్మమ్మ సాన మీద చందనపు చెక్క తిప్పినట్టే ఉంటుంది. గంధం వస్తుంది. ఇంగ్లీషులో దీనికి ఏదో పేరుంది గానీ, చేత్తో ఒకసారి తీశాక నాకు గంధం తప్ప వేరే మాట నోట రాలేదు. గట్టి రాయి అయితే నిమిషం, రెండు నిమిషాలు పడుతుంది. తొందరపడి ఒత్తకండి. ఒత్తితే ముతక రేణువులు ఊడి వస్తాయి, మనకు కావాల్సింది సన్నటి పిండి.

మొదట చిక్కటి మజ్జిగలా ఉండాలి. వేళ్ల మధ్య నలిపితే ఎక్కడా ఇసుక తగలకూడదు. తగిలిందా, మొత్తం కడిగేసి మళ్లీ మొదలుపెట్టండి.

ఇప్పుడు కత్తి. పిడి దగ్గర బొటనవేలు, చూపుడువేలుతో కాడ పట్టుకోండి. వెన్నూ అంచూ రెండూ రాయి మీద పడుకోబెట్టి, అంచు ముందుగా తోయండి. తోస్తూ కొంచెం పక్కకు కూడా జరపండి. మడమ దగ్గర మొదలైన స్పర్శ రాయి చివరికి వచ్చేసరికి మొన దగ్గర ముగియాలి. చివర్లో కత్తిని వెన్ను మీద తిప్పి, రెండో వైపు మీ వైపుకు లాక్కోండి. అంచు మీద మాత్రం ఎన్నడూ తిప్పకండి, ఒక్కసారి తిప్పినా అరగంట పని పోతుంది. రెండు వైపులా కలిపి ఒక జత. మొదటి 30 జతలకు చూపుడువేలి బరువు కత్తి మీద ఉంటే చాలు.

చూస్తుండగానే గంధం రంగు మారుతుంది. పాలపసుపు బూడిదవుతుంది, బూడిద నల్లబడుతుంది. ఆ నలుపు ఉక్కు. గంధం కత్తి ముందు చిన్న అలలా పోతుంటుంది. అంచు రాయిని సరిగ్గా తాకుతుంటే ఆ అల అంచును ఎక్కి కత్తి పైముఖం మీదికి పాకుతుంది. ఎక్కడైనా ఎక్కకుండా కిందే ఆగిపోతుంటే, ఆ చోట అంచు రాయిని తాకడం లేదని అర్థం. మీ చేతి కంటే ఆ అల నిజం చెబుతుంది.

30 జతలయ్యాక వేలితో నాలుగు చుక్కల నీళ్లు వేయండి. గంధం పలచటి మజ్జిగవుతుంది. ఇంకో 25 జతలు, ఈసారి వేలి బరువు సగం. మళ్లీ నీళ్లు. ఇప్పుడది మజ్జిగ తేట. 20 జతలు, కత్తి సొంత బరువు మాత్రమే. ఈ లెక్కలు నా రాయివి. మీది మెత్తనైతే తగ్గుతాయి, గట్టిదైతే పెరుగుతాయి. మధ్యలో గంధం ఆరిపోనివ్వకండి. ఆరిన గంధంలో కత్తి గరగరలాడుతుంది, ఆ చప్పుడు వినగానే ఆగి నీళ్లు వేయాలి. సరిగ్గా ఉన్న గంధంలో కత్తి దాదాపు నిశ్శబ్దంగా పోతుంది, తడి పట్టుచీర మీద చెయ్యి ఆనించినట్టు.

ఆఖరికి రాయినీ కత్తినీ కడిగేసి, వట్టి నీళ్ల మీద ఒక 10 జతలు. ఇక్కడ కొత్త అనుభవం ఎదురవుతుంది. కత్తి రాయికి అతుక్కుంటుంది. రెండూ అంత నున్నగా అయినందుకు అది మంచి గుర్తే. కానీ బలవంతంగా లాగకండి. ఇంకో చుక్క నీళ్లు వేసి, ఊపిరి బిగపట్టినంత తేలిగ్గా తోయండి. 10 జతలు బాగుంటే 50 ఇంకా బాగుంటుందన్న ఆశ అందరికీ వస్తుంది, నాకూ వచ్చింది. గట్టి రాయి మీద వట్టి నీళ్లతో అతిగా నూరితే అంచు సన్నబడి పెళుసై, లూప్‌లో చూస్తే రంపపు పళ్లలా పెచ్చులు కనబడతాయి. అప్పుడు మళ్లీ మజ్జిగ దశకు వెనక్కి రావాలి.

మీ కత్తి జపాన్ వాళ్ల కామిసోరి అయితే ఈ లెక్కలు మారతాయి. అది మడవదు, దాని రెండు వైపులూ ఒకేలా ఉండవు, రెండు వైపులా సమానంగా నూరరు. దాని సంగతి ఇంకోసారి.

తోలు, పరీక్ష

కత్తిని మెత్తటి గుడ్డతో వెన్ను వైపు నుంచి అంచు వైపుకు తుడవండి. తోలుపట్టాను కొక్కేనికి తగిలించి, వంగకుండా బిగబట్టి లాగండి. ఇక్కడ దిక్కు తారుమారు: వెన్ను ముందు, అంచు వెనక. మొదట నూలు పట్టా మీద 30 జతలు, తర్వాత తోలు మీద 50. మా ఊళ్లో క్షవరం చేసే తాత తోలు లేనప్పుడు అరచేతి మడమ మీద రెండు వైపులా తిప్పి పని కానిచ్చేవాడు. నేను మాత్రం ఒకసారి ప్రయత్నించి బొటనవేలు కోసుకున్నాను.

పరీక్షకు తల వెంట్రుక ఒకటి తీసుకుని కొస వేలాడేలా పట్టుకోండి. వేళ్లకు ఒక అంగుళం దూరంలో కత్తి అంచు మీద వదలండి. తగలగానే చప్పుడు లేకుండా తెగి పడాలి. వంగి జారిపోతే ఇంకా పని ఉంది. ఐతే అందరి వెంట్రుకా ఒకటి కాదు, సన్నటి జుట్టు వాళ్లు నిరాశపడకండి. అసలు తీర్పు చెంపదే. మొదటిసారి చెంప మీద మాత్రమే గీయండి, గడ్డం కింద వద్దు. తెగుతోంది గానీ సబ్బు కడిగాక మండుతోందంటే, పదును చాలక కాదు, అంచు గరుకుగా మిగిలిందని. పలచటి మజ్జిగ గంధంలో 20 జతలు, వట్టి నీళ్లలో 5, మళ్లీ తోలు. అసలు తెగడమే లేదా, లాగుతోందా, అయితే ఈ రాయిని పక్కన పెట్టి 1000 రాయి దగ్గరికి పోండి. ఆ మాట ఒప్పుకోవడం నాకు ఏడాది పట్టింది.

పనయ్యాక

రాయిని కడిగి తుడిచి నీడలో నిలబెట్టి ఆరనివ్వండి. ఎండలో పెడితే పగుళ్లొస్తాయి. కత్తి కార్బన్ ఉక్కు కాబట్టి విశాఖలో, కాకినాడలో ఉన్నవాళ్లు ఎక్కువ జాగ్రత్త పడాలి. ఉప్పుగాలికి ఒక్క రాత్రిలో అంచు మీద గోధుమరంగు చుక్కలు పడతాయి. జపాన్‌లో కమేలియా గింజల నూనె రాస్తారు, మనకు కుట్టుమిషను నూనె ఒక చుక్క చాలు. కొబ్బరినూనె వద్దు, జిడ్డుకట్టి తోలుకు అంటుకుంటుంది. బాత్రూములో కత్తి ఉంచకండి.

రోజూ తోలు మీద తిప్పుతుంటే మళ్లీ రాయి ముట్టుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అప్పుడు కూడా 1000 నుంచి మొదలుపెట్టక్కర్లేదు. కొంచెం గంధం తీసి మజ్జిగ తేట దశ నుంచి అందుకుంటే పది నిమిషాల పని. తోమో నగురాను మాత్రం దాని రాయితోనే ఒకే డబ్బాలో పెట్టండి. రెండో రాయి కొన్నాక ముక్కలు కలిసిపోతే ఏది దేని తోడో చూసి చెప్పడం కష్టం. నా ముక్కల వెనక పెన్సిలుతో నంబర్లు వేసి, పైన నెయిల్ పాలిష్ పూశాను.